అల్లుడి వెనక సీసా

ఆ మందుల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ డేగక్క అనేవారు. మొదట ఎవరో ఎగతాళికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. ఆవిడ పనల్లా కూర్చుని చూడటమే. ఇంజెక్షన్ మందు నింపి మూత బిగించిన చిన్న గాజు సీసాలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. వాటి వెనక ఒక పలక, సగం తెలుపు, సగం నలుపు. పైన కళ్ళు చెదిరేంత దీపం. మందులో నలక ఉంటే తెల్ల భాగం ముందు తెలిసిపోతుంది, గాజు పెంకు ఉంటే నల్ల భాగం ముందు మెరుస్తుంది. చెడ్డ సీసా కనపడగానే కాలి కింద మీట నొక్కాలి. పక్కనుంచి ఒక కడ్డీ వచ్చి దాన్ని డబ్బాలోకి తోసేస్తుంది. చేతికి పని లేదు, తల తిప్పే పని లేదు. కళ్ళు మాత్రం బెల్టు మీదినుంచి తీయకూడదు.

వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. కుర్చీలో కూర్చుని చూసినందుకు జీతమా అని ఆవిడ మొగుడే వేళాకోళం చేసేవాడు. ఒక్క పూట కూర్చుంటే తెలిసేది ఆయనకి. చెడ్డ సీసాలు ఎక్కువైతే కష్టం అనుకుంటాం. అసలు కష్టం అవి లేకపోవడంలో ఉంది. పొద్దుటినుంచి అన్నీ మంచివే వస్తుంటే మనిషి కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. సీసాలు కళ్ళ ముందునుంచి పోతూనే ఉంటాయి, మనసు మాత్రం ఇంటికి పోయి పొయ్యి ఆర్పానా లేదా అని చూసుకుంటుంటుంది. కంపెనీవాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకని కావాలనే చెడగొట్టిన సీసాలు కొన్ని తయారుచేసి, అడుగున రహస్యంగా గుర్తు వేసి, ఎప్పుడు పడితే అప్పుడు మంచివాటి మధ్య కలిపేవారు. పట్టుకుంటే మెలకువగా ఉన్నట్టు. వదిలేస్తే పేరు పక్కన ఎర్రగీత పడినట్టు.

ఆ దొంగ సీసాకి అక్కడి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు అల్లుడు. ఎప్పుడొస్తాడో చెప్పి రాడు, వచ్చాక పట్టించుకోకపోతే ఊరుకోడు. ఆ సీసాల్ని తెచ్చి బెల్టు మీద పెట్టే సూపర్‌వైజరు ఇంకెవరవుతాడు, పెళ్ళిళ్ళ పేరయ్యే! పొట్టి మనిషి, అడుగుల చప్పుడు కూడా వినపడదు. తనని అలా పిలుస్తారని ఆయనకి తెలుసు, కాస్త మురిసిపోయేవాడు కూడా. "ఏమ్మా, ఇవాళ మీ అల్లుడొచ్చాడా?" అని భోజనాల గదిలో ఒకరు అడగడం, "వచ్చాడు వచ్చాడు, మర్యాద చేసి పంపించా" అని ఇంకొకరు మీట నొక్కినట్టు కాలు తాటించడం, రోజూ ఇదే వాళ్ళ సరదా.

డేగక్క ఎన్నడూ అల్లుణ్ణి వదిలి ఎరగదు. ఆ గర్వం ఆవిడకి ఉండేది, దాన్ని దాచుకునేది కూడా కాదు. బియ్యంలో రాయి, మొగుడి చొక్కాకి ఊడబోతున్న గుండీ, కూతురు అబద్ధమాడేటప్పుడు మొహంలో వచ్చే చిన్న తేడా, ఏదీ ఆవిడ కన్ను దాటిపోయేది కాదు. "నీ కళ్ళకో దణ్ణమే తల్లీ" అనేవాడు మొగుడు. అది మెచ్చుకోలో భయమో ఆయనకే తెలియాలి.

తోడికోడలికి అక్కడ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. మరిది లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఉన్నది ఒకే ఇల్లు, మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేసుకున్నారు, నీళ్ళ పంపు మాత్రం ఇద్దరికీ ఒకటే. చిన్నావిడ నెమ్మదస్తురాలు. మాటకి ముందొక "అక్కా", వెనకొక "అక్కా" తగిలించకుండా పెద్దావిడతో మాట్లాడేది కాదు. ఫ్యాక్టరీలో ఆమెకి చిన్నడేగ అని పేరు పడింది. ఇద్దరూ ఒకే బెల్టు దగ్గర వంతులవారీగా కూర్చునేవారు. ఒకరి కళ్ళు అలిసే వేళకి రెండోవారు కుర్చీ ఎక్కాలి. దిగినవారు పక్కనే నిలబడి పెట్టెలు సర్దాలి.

అలా సాగిపోతున్న రోజుల్లో కబురొచ్చింది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో వాళ్ళ సీసాలోని మందు ఎక్కించుకున్న మనిషి చచ్చిపోయాడు. మందుతో పాటు సన్నటి గాజు పెంకు నరంలోకి వెళ్ళింది. పెంకులో మిగిలిన ముక్క సీసా అడుగునే దొరికింది కాబట్టి కాదనడానికి వీల్లేకపోయింది. చనిపోయినాయన పెద్ద జబ్బుతో వెళ్ళినవాడు కూడా కాదట.

ఆ సీసా ఏ పెట్టెలోదో తెలిసింది. ఆ పెట్టె నిండుతున్నప్పుడే తోడికోడళ్ళిద్దరూ కుర్చీ మారారు. మొదటి సగం డేగక్క చూసినది, మిగతా సగం చిన్నావిడ చూసినది. డేగక్క చూసిన సగంలో అల్లుడొచ్చాడు, ఆవిడ పట్టేసింది. చిన్నావిడ చూసిన సగంలో కూడా ఒక అల్లుడొచ్చాడు. ఆమె వదిలేసింది. ఇంక వెతకడానికేముంది?

అయినా పద్ధతి ప్రకారం పెద్దసారు ఇద్దర్నీ విడివిడిగా పిలిచాడు. ముందు డేగక్కని.

"నీ వంతులో పోయి ఉండొచ్చా?" అన్నాడాయన.

"నా కళ్ళ ముందునుంచా? లేదు సార్. ఆ పెట్టె మొదట్లోనే టెస్టు సీసా వచ్చింది, ఠక్కున తోసేశా. కునుకు తీసేదాన్నైతే అది దొరికేదా?"

"అదీ నిజమే. మరి ఆమె సంగతి?"

డేగక్క, "పాపం, పిల్లకి జ్వరం సార్. రాత్రంతా కూర్చునే ఉంది. పొద్దున కుర్చీ ఎక్కేటప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి" అంది.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. జాలిగానే అంది కూడా. పెద్దసారు తల పంకించి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత చిన్నావిడని పిలిచి, నిద్రమత్తులో ఉన్నావట కదా అని అడిగాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఏమో సార్, అయి ఉండొచ్చు" అంది. దాంతో ఉద్యోగం ఊడింది. ఉద్యోగంతో పోయిందా? చుట్టుపక్కల నాలుగిళ్ళలో ఆమె పేరు చిన్నడేగ కాదిప్పుడు, మనిషిని చంపిన ఆవిడ. ఎదురుగా ఎవరూ అనరు. పంపు దగ్గరికి ఆమె రాగానే మాటలు ఆపేస్తారు.

చిన్నావిడ తన కళ్ళని నమ్మడం మానేసింది. ఒకటికి పదిసార్లు బియ్యం ఏరుతుంది. కూతురికి మళ్ళీ జ్వరం వస్తే, మందు సీసా దీపం ముందు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చెంచాలో పొయ్యలేక అలాగే నిలబడిపోయింది. పిల్ల వణుకుతోంది, తల్లి సీసా తిప్పుతోంది. ఆఖరికి డేగక్కే వెళ్ళి, సీసా లాక్కుని, మందు పట్టించి వచ్చింది. వచ్చి మొగుడితో, "దాని ఖర్మ ఏం చేస్తాం, తప్పు జరిగిపోయింది" అంది. తనేదో పెద్ద మనసు చేసుకున్నట్టే అంది. ఆ రోజులు తలుచుకుంటే ఆవిడ మీద నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఆవిడ నిజంగానే అలా అనుకుంది.

చావు జరిగాక ఫ్యాక్టరీలో కొత్త నియమం పెట్టారు. ఒకరు చూసిన సీసాల్ని వెనకాలే కూర్చున్న ఇంకొకరు మళ్ళీ చూడాలి. డేగక్క వెనక కూర్చున్నామె పేరు రేడియో. ఎందుకా పేరో విప్పి చెప్పక్కర్లేదు. ఒకనాడు పొద్దున డేగక్క మీట నొక్కింది, అల్లుడు డబ్బాలో పడ్డాడు. వెంటనే రేడియో గొంతు వినిపించింది.

"అయ్యో అక్కా, ఇదేంటి, వదిలేశావు?"

బెల్టు ఆపి ఆమె ఒక సీసా చేతికిచ్చింది. మెడ దగ్గరినుంచి అడుగు దాకా పగులు. చత్వారం వచ్చినవాళ్ళకి కూడా కనపడేంత పగులు. అల్లుడి వెనకాలే వచ్చింది అది. డేగక్క దాన్ని దీపం ముందు పెట్టి చూసింది. కళ్ళు తిప్పిందా? లేదు. మీట కాలితోనే కదా నొక్కింది. కునుకు పట్టిందా? అప్పుడే కదా అల్లుణ్ణి పట్టుకుంది. చూసి వదిలేసిన సీసా అయితే ఏదో ఒక మూల గుర్తుండాలి. ఆ సీసా అసలు రానే లేదు. అల్లుడు వచ్చాడు, తర్వాత మంచి సీసాలు వచ్చాయి, అంతే ఆవిడకి తెలిసింది.

"ఇంటికి అల్లుడొస్తే అందరూ వాడి మొహమే చూస్తారు, వాడి వెనక ఎవడొచ్చాడో ఎవరికి కావాలి!" అంది రేడియో. బెల్టు పక్కన పనిచేసేవాళ్ళందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. డేగక్కకి నవ్వు రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే కూతుర్ని పేకముక్కలు తెమ్మంది. "నేను చూస్తుంటా, ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి గబగబా వెయ్యి. ఎన్ని రాణులు వచ్చాయో చెప్తా" అంది. పిల్ల వేసింది. "ఒకటే రాణి" అంది తల్లి. "రెండమ్మా! పక్కపక్కనే పెట్టాను" అంది పిల్ల. మళ్ళీ వేయించింది. మళ్ళీ ఒకటే. రెండో రాణిని కొన్ని ముక్కల తర్వాత వచ్చేలా పెడితే కనిపించింది. మొదటి రాణిని ఆనుకుని వస్తే మాత్రం ఎంత కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నా కనపడలేదు. రాణుల సంగతి వదిలేసి ఊరికే చూస్తూ కూర్చున్నప్పుడు రెండోది చక్కగా కనపడింది. అంటే కంటికి అందుతోంది. మొదటిదాన్ని పట్టుకోవాలని చూసినప్పుడే రెండోది పోతోంది. మొగుణ్ణి కూర్చోబెడితే ఆయనకీ ఒకటే రాణి కనిపించింది. "ఉన్న ఒక్క రాణితోనే వేగలేకపోతున్నా, రెండోది కనపడకపోవడమే మంచిది" అన్నాడాయన. పిల్ల పడీపడీ నవ్వింది.

మనందరి తలల్లోనూ ఉన్న సంగతే ఇది. కన్ను ఎన్నిటినో చూస్తుంది. వాటిలో ఇది ఫలానా అని గుర్తుపట్టి లోపలికి రాసుకునే చోటు మాత్రం చాలా ఇరుకు. రద్దీగా ఉన్న ఆఫీసులో ఒకే ఒక్క గుమాస్తా కూర్చున్నట్టు, ఒకరి కాగితం రాస్తున్నంతసేపూ ఆయన తల ఎత్తడు. ఆ రెప్పపాటులో ఎదురుగా వచ్చి నిలబడినవాడు నిలబడి వెళ్ళిపోతాడు. అంతకంటే ఘోరం ఏమిటంటే, మధ్యలో ఏదో జారిపోయిందన్న అనుమానం కూడా మనకి రానివ్వదు మెదడు. తెగిన చోట అతుకు కనపడకుండా కుట్టేస్తుంది. అందుకే మనిషి అంత ధైర్యంగా, నా కళ్ళ ముందునుంచి పోలేదు అని ఒట్టేసి చెప్పగలడు. డేగక్క పేకముక్కలు పక్కన పెట్టేసి అలాగే కూర్చుంది. అల్లుణ్ణి పట్టుకున్నాను కాబట్టి నేను మెలకువగా ఉన్నాను అని ఆ రోజు పెద్దసారుతో అంది. పట్టుకున్నందువల్లే కనపడలేదేమో అన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మర్నాడు పెళ్ళిళ్ళ పేరయ్య టెస్టు సీసాలు దాచే అలమారా దగ్గర ఒంటరిగా దొరికాడు.

"సార్, ఆ చచ్చిపోయినాయన పెట్టె ఉంది చూడండి, దాన్లో నా వంతులో అల్లుణ్ణి ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటమ్మా, ఖాళీలో. ఆ రోజు మందు నింపే దగ్గర ఒక సీసా పగిలిందిలే. బెల్టు మీద ఖాళీ వచ్చింది. నాకు అంతకంటే మంచి చోటు ఏం దొరుకుతుంది? ఇరికించకుండా పెట్టేయొచ్చు, మీకూ అనుమానం రాదు" అన్నాడాయన, తన తెలివికి తనే సంతోషిస్తూ.

"సీసా పగిలితే దాని పక్కనున్నవి కూడా తీసెయ్యాలి కదా సార్? పెంకులు వాటిల్లోకే కదా ఎగిరి పడేది?"

"తీశాడుగా మిషను దగ్గరతను. పళ్ళెం పట్టుకుని కిందిదాకా వచ్చాడు. ఖాళీ ఎక్కడా కనపడట్లేదే, ఎక్కడ తియ్యను అని నన్నే అడిగాడు. ముందుకు పోయి ఉంటుంది, చూసి తియ్యవయ్యా అన్నాను..."

మాట అక్కడే ఆగిపోయింది. ఖాళీలో తనే అల్లుణ్ణి కూర్చోబెట్టాడు. మిషను అతను ఆ ఖాళీ గుర్తు దొరక్క, అందాజుగా వేరే చోటినుంచి సీసాలు తీసేశాడు. పెంకు పడిన సీసా అల్లుడి వెనకాలే మెల్లగా డేగక్క ముందుకి వచ్చింది.

"అమ్మా, ఈ మాట ఇక్కడే వదిలెయ్. నీకు పుణ్యముంటుంది" అన్నాడు. ఆయన్ని తిట్టడానికి డేగక్కకి నోరు రాలేదు. ఆవిడ తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది. పేరయ్య చెప్పినదీ, తన పేకముక్కల సంగతీ అంతా చెప్పింది.

పెద్దసారు చెడ్డవాడేమీ కాదు. పూర్తిగా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, నిద్రపోయినవాళ్ళని తీసెయ్యొచ్చు. మెలకువగా ఉన్నవాళ్ళకే కనపడలేదంటే నేను ఎవర్ని తీసెయ్యాలి? ఆ పోయినాయన ఇంటివాళ్ళతో రాజీ అయిపోయింది. ఎందుకు జరిగిందో వాళ్ళకి చెప్పాం, వాళ్ళకి అర్థమైంది. ఇప్పుడు వెళ్ళి, మా మంచి చెకింగు వల్లే మీ మనిషి పోయాడని చెప్పమంటావా?"

"మరి మా తోడికోడలి మాటేంటి సార్? దాన్ని మళ్ళీ తీసుకోండి. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"నిన్నెందుకు తీస్తాను? నువ్వు టెస్టు సీసా పట్టుకున్నావు. ఆమె వదిలేసింది. అదైతే నిజమే కదా" అన్నాడాయన. తర్వాత ఫోను మోగింది. ఆయన మాట్లాడుతూ వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇంటికి వెళ్ళేసరికి చిన్నావిడ తన వాటాలో ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. డేగక్క గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేసింది. పగిలిన సీసా, ఖాళీ, అల్లుడు, వెనక సీసా, ఒక్కటీ దాచలేదు. చిన్నావిడ మడత పెట్టడం ఆపలేదు. పిల్ల గౌను ఒకటి మడిచింది, విప్పి మళ్ళీ మడిచింది.

"అయితే అది నా వంతులో పోలేదా అక్కా?"

"లేదే. నా ముందే పోయింది."

"సారుకి చెప్పావా?"

"చెప్పాను. ఆయన వినడు."

"ఊఁ" అంది చిన్నావిడ. "నాకు నిద్ర వచ్చింది కానీ నిద్రపోలేదు అని ఎన్నాళ్ళు అనుకున్నానో తెలుసా? మీ మరిదితో కూడా అదే చెప్పాను. తర్వాత ఆలోచించాను, అక్క కళ్ళు తప్పు చూడవు కదా, నేనే నిద్రపోయి ఉంటాను అని. మెల్లగా నాకే గుర్తొచ్చినట్టు అనిపించేది, కన్ను మూసుకోవడం, సీసా పోవడం. ఆ పోయినాయనకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటున్నానక్కా, తప్పైపోయిందయ్యా అని. ఇప్పుడు నేను కాదంటున్నావు."

"క్షమించవే. నాకు నిజంగా కనపడలేదు. ఒట్టు."

"దానికి నిన్నేమంటాను? ఎవరికీ కనపడదన్నావుగా." చిన్నావిడ గౌను పక్కన పెట్టి మొదటిసారి తల ఎత్తింది. "నాదొక్కటే అనుమానం. పొద్దున కుర్చీ ఎక్కేటప్పటికే నా కళ్ళు మూతలు పడుతున్నాయని సారుకి చెప్పావట. అంటే అది నీకు కనపడింది. పక్కనే ఉన్నావు కదక్కా. నువ్వు కాసేపు పడుకోవే, నీ వంతు కూడా నేనే కూర్చుంటా అని ఎందుకు అనలేదు?"

ఆ పొద్దు డేగక్క కళ్ళకి కట్టినట్టే ఉంది. కుర్చీ దిగుతూ తోడికోడలి మొహం చూసింది, ఎర్రబడ్డ కళ్ళు చూసింది, కుర్చీ పట్టుకోబోయి తడబడిన చెయ్యి చూసింది. చిన్నడేగ పెద్దడేగని మించిపోయేలా ఉందే అని రెండు రోజుల ముందే భోజనాల గదిలో ఎవరో అన్నారు. ఇవాళ గనక దీనికి అల్లుడొస్తే తప్పకుండా వదిలేస్తుంది అని ఆవిడ అనుకుంది. అనుకుని, కుర్చీ ఇచ్చేసి, పెట్టెలు సర్దడానికి పక్కకి తప్పుకుంది.

"తొందరలో... నాకు తట్టలేదే" అంది.

చిన్నావిడ ఆ మొహంలోకి చూసింది. తిప్పి తిప్పి చూడాల్సిన అవసరం లేకపోయింది. ఒక్కసారే చూసి, మళ్ళీ బట్టల మీదికి వంగింది. డేగక్క తల దించుకుని తన వాటాలోకి వెళ్ళిపోయింది.